కాటుకమ్మ నలుపు

న్యాయవాది గౌను ఎంత పొడవుండాలో, చేతులు ఎక్కడిదాకా రావాలో, వెనక కుచ్చు ఎలా పడాలో నిబంధనలు రాసినవాళ్లు ఓపికగానే రాశారు. రంగు దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక అయిపోయినట్టుంది. ‘నల్లనిదై ఉండవలెను’ అని ఊరుకున్నారు. ఏ నలుపు అన్న ప్రశ్న మాత్రం ఆ కోర్టులో ఎన్నడూ తలెత్తలేదు. అందుకు కారణం చట్టంలో లేదు. కోర్టు వెనక సందులో, మురుగుకాలువ మలుపు తిరిగే చోట, ముందుగదిలో ఇస్త్రీ బల్ల, పెరట్లో ఇటుకల పొయ్యి మీద గంగాళం ఉన్న ఒక రేకుల ఇంట్లో ఉంది.

ఆ ఇంటి ఇల్లాలిని సందులో అందరూ కాటుకమ్మ అనేవారు. గోళ్ల మొదళ్లలో, వేళ్ల గీతల్లో దిగిన రంగు ఎంత రుద్దినా పోదు కనుక వచ్చిన పేరు అది. వెలిసిన బట్టలకు తిరిగి నలుపు ఎక్కించడం ఆమె పని. ప్యాంట్లు, గొడుగు గుడ్డలు, బ్యాండు మేళం వాళ్ల కోట్లు, ఏవైనా వచ్చేవి. అయితే ఇల్లు నిలబడింది గౌన్ల మీద. వేసవి సెలవులకు కోర్టు మూతపడగానే బంట్రోతు గౌన్లన్నిటినీ దుప్పట్లలో మూటలు కట్టించి తెచ్చి ఇస్త్రీ బల్ల కింద పడేసేవాడు. ఎండకు ఒకటి ఊదాగా, ఒకటి గోధుమగా, ఒకటి పాచి పట్టినట్టుగా మారి వచ్చేవి. సెలవులు ముగిశాక తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం మెడ లోపలి గుర్తు చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియకూడదు.

ఈ పనికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నమూనా ముక్క దాచరు. కాటుకమ్మకు పని నేర్పిన అత్తగారు పెట్టిన నియమం అది. గుడ్డముక్క దాచుకుంటే ఆ ముక్కా వెలుస్తుంది, దాన్ని చూసి ముంచిన బట్ట ఆ మేరకు వెలిసే పుడుతుంది, మాటైతే వెలవదు అని ఆ పెద్దావిడ వాదన. అందుకని ఆ ఇంట్లో నలుపును మాటల్లో దాచుకున్నారు. మరిగే నీళ్లలో నల్లరంగు పొడి, ఉప్పు వేసి బట్ట దించితే మొదట వచ్చేది చీమ నలుపు. నీడలో నల్లగానే ఉంటుంది, వెలుతురులోకి తెస్తే ఎర్రగా మెరుస్తుంది. తర్వాతది మిరియం నలుపు. పైకి బాగానే ఉన్నా మడత విప్పితే గోధుమ రంగు బయటపడుతుంది. ఆ పైన పెనం అడుగు. చిక్కటి నలుపే, కానీ మొద్దు. మీద పడిన వెలుతురును మింగుతుంది తప్ప తిరిగి ఇవ్వదు. ఆ మొద్దుతనం విరగడానికి, అడుగున దాగిన ఎరుపు చావడానికి కాస్త నీలిపొడి కలపాలి. కలపడం కుదిరితే కాకి నలుపు వస్తుంది. గౌన్లకు కావలసింది అదే. నీలం ఒక్క రవ్వ మీరితే సిరా అవుతుంది. సిరా అన్న మాట ఆ ఇంట్లో తిట్టుతో సమానం.

కాకిని పట్టి తెచ్చి గుడ్డ పక్కన కూర్చోబెట్టి ఎవరూ సరిచూడరు. కాకి మనసులో ఉంటుంది, గుడ్డ తెడ్డు మీద ఉంటుంది. రెండూ ఒకటైనప్పుడు కాటుకమ్మ ‘చాలు’ అనేది. ఆ మాట అనే హక్కు ఇంట్లో ఒక్కరికే. తక్కినవాళ్లు నీళ్లు తోడతారు, మంట పెడతారు, పిండుతారు, ఆరేస్తారు, ఇస్త్రీ చేస్తారు.

సందులో మాత్రం నలుపు అన్న మాటను రంగుకు తప్ప మిగతా అన్నిటికీ వాడేవారు. అది కోర్టు సందు. నల్లధనం కేసులవాళ్లు, నల్లబజారు కేసులవాళ్లు, నల్లచట్టాలు రద్దు చెయ్యమని నల్లజెండాలు పట్టుకుని వచ్చేవాళ్లు అందరూ ఆ దారిన నడిచినవాళ్లే. బంట్రోతు నాలుగు రోజులు కనబడకపోతే కాటుకమ్మ కొడుకు ‘నల్లపూసైపోయావేంటి’ అని పలకరించేవాడు. ఓడిపోయి బయటికొచ్చిన కక్షిదారుడి మొహం నల్లబడిందని అందరూ అంటే కాటుకమ్మ ఒప్పుకునేది కాదు. ఓడినవాడి మొహం బూడిదవుతుందే గానీ నల్లబడదనీ, నలుపు అంత తేలిగ్గా వచ్చేదైతే తనకిన్ని కట్టెలు ఎందుకనీ ఆమె వాదన.

ఆమె పెళ్లికూతురుగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున చుట్టాల్లో ఒకావిడ, పిల్ల నలుపే గానీ మొహంలో కళ ఉందని మెచ్చుకుందట. ఆ ‘గానీ’ మా ఇంట్లో అక్కర్లేదు, మీ ఇంటికి పట్టుకుపో అని అత్తగారు అందట. మనిషి ఒంటి రంగును చెప్పే మాట వెంట క్షమాపణలాగా ఇంకో మాట తగిలించాలని ఎవరు నిర్ణయించారో తెలియదు. చాలామంది దానికి కట్టుబడే ఉన్నారు. కాటుకమ్మ మాత్రం ఆనాటి నుంచి అత్తగారికి కట్టుబడిపోయింది. ఆవిడ చెప్పిన నలుపుల్లో ఒక్కటి కూడా మార్చలేదు, ఒక్కటి కూడా కలపలేదు. అలా తనకు అందినదాన్ని అలాగే తన కోడలికి అందించాలన్నది ఆమె ఉద్దేశం.

కోడలు దర్జీల ఇంటి పిల్ల. గుడ్డ చేత్తో పట్టుకుంటే నేత చెప్పగలదు, రంగు సంగతి తెలియదు. కొత్తగా వచ్చిన ఏడాది, తెడ్డు మీద పైకి తీసిన గౌను చూసి, ఇది కాస్త నీలంగా లేదా అని అడిగింది. కాటుకమ్మకు కోపం రాలేదు. కొత్తలో అందరికీ అలాగే కనబడుతుందనీ, కన్ను కుదురుకోవాలనీ నెమ్మదిగా చెప్పింది. కోడలు ఇంకొన్నాళ్లకు మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు వచ్చింది. మూడోసారి అడగలేదు. కన్ను కుదురుకుంది. తాను చూసింది చెప్పడం మానేసి, తనకు చెప్పింది చూడటం మొదలుపెట్టింది. గొప్ప గొప్ప కోర్టుల్లో కూడా సాక్షులు ఇలాగే తయారవుతారు. అక్కడ దాన్ని శిక్షణ అని మాత్రం అనరు.

పొడులు కొనుక్కొచ్చే పని కొడుకుది. నల్లపొడి ఎప్పటిలాగే ఖర్చవుతున్నా నీలిపొడి డబ్బా తొందరగా ఖాళీ అవుతోందని అతను గమనించాడు. మీరిద్దరూ దాన్ని మజ్జిగలో గానీ కలుపుకు తాగుతున్నారా అని వేళాకోళం చేశాడు. ఈమధ్య నల్లపొడిలో కల్తీ పెరిగి అడుగున ఎరుపు ఎక్కువగా ఉంటోందని కాటుకమ్మ చెప్పింది. ఆ మాట ఆమె నమ్మి చెప్పిందే. ఆమె కంటికి నిజంగానే అన్నిటి అడుగునా ఎరుపు కనబడుతోంది.

కొన్నాళ్లకు సూదిలో దారం ఎక్కించలేకపోయింది. సందు చివర్నుంచి వస్తున్న బంట్రోతును చూసి కొడుకనుకుని, పొయ్యిలోకి కట్టెలు తెమ్మంది. అతను తెచ్చాడు, ఆ తర్వాత ఏడాదంతా ఆ సంగతి చెప్పుకుని నవ్వాడు. డాక్టరు చూసి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. ముందు కుడికన్ను, కొన్ని వారాలాగి ఎడమకన్ను చెయ్యాలి. తను చెప్పేదాకా పొగ, ఆవిరి దగ్గరికి పోకూడదన్నాడు. ఆ రోజులు సరిగ్గా కోర్టు సెలవుల్లో పడ్డాయి.

ఆపరేషనుకు వెళ్లే ముందు కాటుకమ్మ కొడుకు ఎదురుగా కోడలికి ఒక మాట చెప్పింది. ఈసారి గౌన్లన్నీ కోడలే ముంచాలి, ‘చాలు’ తనే అనాలి. సరిగ్గా వస్తే గంగాళం ఇక ఆమెది. తేడా వస్తే తాను కళ్లు బాగయ్యాక మళ్లీ వచ్చి కూర్చుంటుంది, కోడలు ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లిపోవాలి. ఆ తర్వాత మళ్లీ ఈ సంగతి ఎత్తకూడదు.

కోడలు సరేనంది. ఆ రాత్రి మొగుడితో మాత్రం, జీవితమంతా ఒకరు తీసిన బట్టకు ఇంకొకరు ఇస్త్రీ చేసే ఇంట్లో ఉండలేననీ, బల్ల దగ్గరికే పంపితే పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేలా అన్నయ్య కుట్టు దుకాణంలో కూర్చుంటాననీ చెప్పింది. బెదిరింపుగా అనలేదు. అందుకే అతనికి భయం వేసింది.

కుడికంటి ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన రోజున కాటుకమ్మ ఆస్పత్రి గోడలు చూసి, సున్నంలో ఇంత నీలం ఎందుకు కలిపారని నర్సును అడిగింది. మొదట్లో అలా ఉంటుందని నర్సు చెప్పి, పెద్ద నల్లకళ్లద్దాలు పెట్టి ఇంటికి పంపింది. ముందుగదిలో మంచం మీద పడుకుని, ఆ అద్దాల వెనక నుంచి పెరటి చప్పుళ్లు వింటూ ఆమె రోజులు గడిపింది. నీళ్లు మరగడం, తెడ్డు గంగాళం అంచుకు తగలడం, పిండిన నీళ్లు కాలువలో పడటం వినిపించేవి. మధ్యమధ్య కేకేసి పొడి ఎంత వేశావని అడిగేది. మీరు వేసినంతే అని జవాబు వచ్చేది. మంచం పట్టిన మనిషికి ఆ జవాబు హాయిగా ఉండేది.

పెరట్లోకి వెళ్లొచ్చని డాక్టరు అన్న రోజుకు పొయ్యి ఆరిపోయింది, పని ముగిసింది. రేకుల కింద తీగల మీద గౌన్లన్నీ వరసగా వేలాడుతున్నాయి. కాటుకమ్మ గుమ్మంలో నిలబడి నల్లకళ్లద్దాలు తీసింది. తీగ ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది.

“ఇదేంటి?” అంది చివరికి.

కోడలు తడిచేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. “గౌన్లు, అత్తయ్యా.”

“గౌన్లని నాకూ తెలుసు. సిరా సీసాలు ఆరేసినట్టు ఆరేశావేంటి?”

“కాకే వచ్చింది కదండీ. మీరెప్పుడూ తీసే రంగే.”

“ఇది కాకైతే నేను కొంగని. ఒక్కటి కాదు, రెండు కాదు, మొత్తం కోర్టునంతా సిరాలో ముంచి పెట్టావు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

గొంతు విని కొడుకు వచ్చాడు. కాటుకమ్మ అతనికి తీగ చూపించింది, మాట మాటే, గంగాళం సంగతి ఇక ఎత్తొద్దంది. కోడలి మొహంలో ఏ రంగూ మారలేదు. లోపలికి వెళ్లి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న ఒక గౌను పట్టుకొచ్చింది. దాని యజమాని, ఒక ముసలి న్యాయవాది, ప్రాక్టీసు మానేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. తీసుకెళ్లడానికి ఎవరూ రాక అది ఆపరేషనుకు ముందు నుంచీ అక్కడే ఉంది. కోడలు దాన్ని తీగ మీది గౌను పక్కన పరిచి పట్టుకుంది. రెండు గుడ్డలను పక్కపక్కన పెట్టి చూడటం ఆ ఇంట్లో అదే మొదలు. రెంటికీ ఏ తేడా లేదు.

“దీన్ని కూడా నువ్వు ముంచావు,” అంది కాటుకమ్మ.

“లేదమ్మా,” అన్నాడు కొడుకు. “అది నువ్వు తీసిందే. నేనే పిండాను, నువ్వే బాగుందన్నావు.”

“అయితే ఈ కొత్త కన్నే అబద్ధం చెబుతోంది. ఆస్పత్రిలో గోడలు కూడా నీలంగానే కనబడ్డాయి.”

అది అప్పటికప్పుడు దొరికిన సాకే అయినా, కొట్టిపారెయ్యదగిన వాదన కాదు. ఆమె ముందు రెండు కళ్లు రెండు రకాల సాక్ష్యం ఇస్తున్నాయి. అరచేత్తో కుడికన్ను మూసి చూసింది: తీగ పొడవునా నిగనిగలాడే కాకి నలుపు, ఎప్పటిలాగే. ఎడమకన్ను మూసి చూసింది: సిరా. మళ్లీ ఇది మూసింది, మళ్లీ అది మూసింది. పక్కింటి గోడ మీద కాకి ఒకటి వాలి, పారేసిన అన్నం ముద్దలో ముక్కు దూర్చింది. కాటుకమ్మ తీగ మీది గౌను అంచు లాగి, కాకికి సరిగ్గా కిందుగా వచ్చేలా ఎత్తిపట్టుకుంది. ఎడమకంటికి కాకీ గౌనూ ఒక్కటే. కుడికంటికి కాకి నల్లగా ఉంది, గౌను నీలంగా ఉంది. కొత్త కన్ను అన్నిటికీ నీలం పూసేదే అయితే కాకికీ పూసి ఉండాలి. పూయలేదు.

గౌను వదిలేసింది. కాకి ఎగిరిపోయింది. కాటుకమ్మ పొయ్యి గట్టు మీద కూర్చుంది.

“ఎప్పట్నుంచి?” అని అడిగింది.

“నేను వచ్చేసరికే కొంచెం ఉంది,” అంది కోడలు. “ఏటికేడాది పెరిగింది.”

“చెప్పొచ్చు కదే.”

“చెప్పాను, అత్తయ్యా.”

ఆ జవాబులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కాటుకమ్మ ఏదో ఒకటి అనగలిగేది. కొడుకు ఖాళీ నీలిపొడి డబ్బా వైపు చూసి, జోకు వెయ్యబోయి మానుకున్నాడు.

ఆ సాయంత్రమే, కోడలు వద్దంటున్నా వినకుండా, కాటుకమ్మ ముసలి న్యాయవాది గౌనుకు రంగు దించే మందు వేసి ఉడకబెట్టింది. కొడుకు చేత మంట పెట్టించి, ఆవిరి తగలకుండా దూరంగా నిలబడి, బాగైన కంటితో చూస్తూ మళ్లీ ముంచింది. నీలిపొడి చిటికెడు మాత్రం వేసింది. పైకి తీసినప్పుడు అది కాకి నలుపే. ఎన్నో ఏళ్లుగా ఆ పెరట్లో ఎవరూ చూడని నలుపు. కోడలు దాన్ని చేతుల్లోకి తీసుకుని తడి ఆరేదాకా వదల్లేదు.

మర్నాడు పొద్దున బంట్రోతు వచ్చాడు. నల్లకళ్లద్దాల్లో ఉన్న కాటుకమ్మను చూసి, అక్కా, సినిమాల్లో చేరావా అన్నాడు. ఆమె అతనికి గౌన్లన్నీ సిరా అయ్యాయనీ, మళ్లీ ముంచాలనీ, కోర్టు తెరవడం ఆలస్యమైనా తప్పదనీ చెప్పి, సాక్ష్యంగా కొత్తగా ముంచిన గౌను ముందు పెట్టింది. బంట్రోతు దాన్ని గుమ్మం వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు.

“ఇదేంటక్కా, తుప్పు పట్టినట్టుంది?”

“అదే అసలు నలుపు, తమ్ముడూ.”

“అయితే మిగతావన్నీ ఏంటి?”

“తప్పు.”

బంట్రోతు నవ్వాడు. రోజూ వాదనలు వినే మనిషి కనుక అతని దగ్గర వాదనలకు కొదవ లేదు. జుట్టును తలనీలాలు అంటామా లేదా, నల్లటి జుట్టున్న ఆడదాన్ని నీలవేణి అంటామా లేదా, మరి నలుపులో కాస్త నీలం ఉంటే కొంపలేం మునుగుతాయి అని అడిగాడు. ఆ మాటలో పస లేకపోలేదు. పాత నిఘంటువులు నీలాన్ని, శ్యామాన్ని, మేచకాన్ని, అసితాన్ని కృష్ణవర్ణం పక్కనే ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఎవరికీ ఎక్కువతక్కువలు చెయ్యకుండా వడ్డించాయి. నిఘంటువుకు గంగాళం లేదు కనుక ఆ ఉదారత దానికి చెల్లింది.

బంట్రోతు అసలు వాదన వేరే ఉంది. “అసలు సంగతి నాకెందుకక్కా? జడ్జీగారి గౌను మిగతావాటి రంగే. సందు మొదట్లో టైలరు కొత్త గౌన్లకి గుడ్డ తెప్పించేది మీ గౌను ముక్క చూపించే. అందరూ అలా ఉన్నప్పుడు ఒక్కడు ఇలా వచ్చి నిలబడితే, ఎవడ్రా వీడు మాసిన గౌను వేసుకొచ్చాడని వాణ్ణే చూస్తారు.”

కాటుకమ్మ అతని చేతిలోంచి గౌను తీసుకుని బల్ల మీద పెట్టింది. ఒక తీర్పు తప్పుగా వెలువడుతుంది. దాన్ని చూసి పది తీర్పులు, ఆ పదింటిని చూసి వంద తీర్పులు వస్తాయి. ఆ తర్వాత ఎవరైనా మొదటిదాన్ని సరిదిద్దబోతే, ఇంతమంది చేసింది తప్పా అని అడుగుతారు. తప్పే అని చెప్పేవాళ్లు ఉండాలి. చెప్పినంత మాత్రాన వందా మారవన్నది కూడా నిజమే. బంట్రోతు మూటలు కట్టించుకుని, తుప్పు గౌనును బల్ల మీదే వదిలేసి, వెళ్తూ వెళ్తూ ఈసారి రంగు దివ్యంగా వచ్చిందని కోడలిని మెచ్చుకుని వెళ్లాడు.

ఆ రోజు మధ్యాహ్నం కాటుకమ్మ అన్నం ముందు పెట్టుకుని కలపకుండా కూర్చుంది. ఆమె లెక్క కొడుక్కి అర్థమైంది. కోర్టుకు కావలసింది పాత కన్ను తీసిన నలుపు. బాగైన కంటితో ఆమె ఇక ఆ నలుపు తియ్యలేదు. గుడ్డ ఎక్కడ కాకి అయితే అక్కడే చెయ్యి ఆగిపోతుంది. రెండో కన్ను కూడా బాగైతే ఆ నలుపు ఆమెకు పూర్తిగా పోయినట్టే. తల్లి బాధ చూడలేక అతను తనకు తోచిన ఉపాయం చెప్పాడు.

“ఎడమకన్ను అలాగే ఉంచుకోమ్మా. గంగాళం దగ్గర కుడికన్ను మూసుకో. ఎప్పటిలాగే నువ్వే తియ్యొచ్చు. గౌన్లకి ఆ కన్ను, మిగతా లోకానికి ఈ కన్ను.”

ముందుగదిలో ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. కోడలు విన్నది. కాటుకమ్మ కుడికన్ను అరచేత్తో మూసుకుని తన కంచంలోకి, కిటికీలోకి, కొడుకు మొహంలోకి చూసింది. ఉపాయం పనికొస్తుంది. అందులో కష్టం ఏమీ లేదు, ఖర్చు అంతకన్నా లేదు, అడిగేవాళ్లూ ఎవరూ లేరు. గంగాళం ముందు మళ్లీ నిలబడవచ్చు. చేసుకున్న ఒప్పందం ప్రకారం కూడా ఆమె తప్పు పట్టిందంటే పట్టినట్టే. కోడలి గౌన్లు సిరా అన్న మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు.

ఆమె చెయ్యి దించింది.

“చూపున్న పిల్లని బల్ల దగ్గర కూర్చోబెట్టి, నేను ఒక కన్ను మూసుకుని రంగులు తియ్యాలా? మీ నాయనమ్మ వింటే నన్నే గంగాళంలో ముంచుతుంది.” ముందుగది వైపు తిరిగి గొంతు పెంచింది. “ఏమ్మా, వినబడిందా? గంగాళం నీది. నువ్వు తీసినవి నేను తీసినవాటిలాగే వచ్చాయి. అంతకన్నా నేనేం అడగలేదు.”

కోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చి గుమ్మంలో నిలుచుంది. సంతోషం మొహంలో కనబడనివ్వలేదు. ఒక్క సంగతి ఇప్పుడే తేల్చుకోవాలంది. వచ్చే సెలవుల్లో గౌన్లు ఏ నలుపు తియ్యాలి? కాటుకమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అసలు కాకి తియ్యాలి, ఒక్కసారిగా తియ్యాలి, కోర్టు తిట్టుకుంటే తిట్టుకోనీ, తప్పని తెలిశాక ఇంకొక్కటి కూడా ముంచకూడదు అంది. కోడలు తల అడ్డంగా ఊపింది.

“ఒక్కసారిగా మారిస్తే అన్నీ వెనక్కి వస్తాయి, అత్తయ్యా. లాయర్లంతా టైలరు కొత్త గౌన్లకే అలవాటు పడతారు, మన ఇంటికి రారు. నీలం ఎలా ఎక్కిందో అలాగే దించుతాను. ఏడాదికి కాస్త. ఎక్కినప్పుడు ఎవరూ చూడలేదు, దిగినప్పుడూ చూడరు.”

“అలా ఎన్నేళ్లు పడుతుంది?”

“తెలీదు.”

“నేను పోయాకా?”

“అవ్వొచ్చు.”

“అప్పటిదాకా తప్పు రంగే తీస్తావా, తెలిసి తెలిసి?”

“గంగాళం నాదన్నారు కదా,” అంది కోడలు. మెత్తగానే అంది.

కొడుకు ఇద్దరి మధ్య నుంచి నెమ్మదిగా లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. కాటుకమ్మకు ఆ వాదన నచ్చలేదు, చివరిదాకా నచ్చలేదు. న్యాయం విడతలుగా చెయ్యడం ఆమెకు ఏ కోశానా ఒప్పని పని. అయినా ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది. కోడలు ముసలి న్యాయవాది గౌనును పాత దుప్పటిలో చుట్టి, వెలుతురు తగలకుండా పెట్టె అడుగున పెడుతుంటే చూసి, ఈ ఇంట్లో ముక్క దాచే అలవాటు లేదని గుర్తు చేసింది. ముక్క కాదు, మొత్తం గౌనే దాస్తున్నానని కోడలు జవాబిచ్చింది. ఎక్కడికి చేరాలో తెలియడానికి ఒకటి ఉండాలి కదా అంది. పెట్టె మూత పడింది.

వాన పడుతున్న ఒక నెలలో రెండో కన్ను కూడా బాగైంది. ఆస్పత్రికి వెళ్లే ముందు కాటుకమ్మ ఎడమకంటితో పెరడంతా ఒకసారి చూసుకుంది. తిరిగి వచ్చాక రెండు కళ్లకూ ఒకే పెరడు కనబడింది.

మరుసటి సెలవుల్లో బంట్రోతు మూటలు తెచ్చాడు. కాటుకమ్మ పొయ్యి దగ్గర పీట వేసుకుని కట్టెలు సర్దింది. నీళ్లు మరిగాయి. కోడలు నల్లపొడి వేసి తెడ్డుతో కలిపి, నీలిపొడి డబ్బా మూత తీసింది. పోయిన ఏడాది వేసినంత చెంచాలతో కొలిచి ఒక గిన్నెలో పోసింది. గిన్నె వైపు కాసేపు చూసి, రెండు వేళ్లతో కొంచెం తీసి తిరిగి డబ్బాలో వేసింది. కాటుకమ్మకు అది మరీ కొంచెంగా కనబడింది. ఇంకో గుప్పెడు తియ్యొచ్చు, ఎవరికీ తెలియదు అనిపించింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, కోడలి చేతిలోని గిన్నె గంగాళంలోకి వంగేదాకా చూసి, కింద ఆరిపోబోతున్న కట్టెను లోపలికి తోసింది.